ఎవరి పేరు మీద?

"అమ్మా, విమానం కొంటున్నాం" అంది మా అమ్మాయి ఫోన్లో.

టిక్కెట్టు సంగతి అనుకున్నాను. "ఏ తారీఖుకి? ఈసారి మధ్యలో రెండుచోట్ల మారేది వద్దు తల్లీ, నా మోకాళ్ళు ఒప్పుకోవు" అన్నాను.

"టిక్కెట్టు కాదమ్మా, విమానమే. చిన్నది, నలుగురు కూర్చునేది. సెకండ్ హ్యాండ్‌ది. సెస్నా అని..."

రాజమండ్రిలో మా వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగి స్టౌ అంతా పారాయి. 2023 జనవరి అది. అప్పటికే మార్చిలో టెక్సస్ ప్రయాణానికి అన్నీ సర్దుకుంటున్నాను.

సెస్నా అన్న మాట నాకు కొత్తది కాదు. నా వయసు తెలుగు ఆడవాళ్ళలో చాలామందికి కొత్తది కాదు. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన సెస్నా 180 విమానం పైకి లేచిన కాసేపటికే కూలి కాలిపోయింది. సౌందర్య, ఆమె అన్న అమరనాథ్‌తో సహా అందులో ఉన్న నలుగురూ పోయారు. ఆ సాయంత్రం మా వీధిలో ఏ ఇంట్లోనూ టీవీ కట్టలేదు. 'ఒంటి ఇంజను విమానమట' అన్న మాట మొదటిసారి అప్పుడే విన్నాను. అంతకు రెండేళ్ళ ముందు, 2002 మార్చి 3న, లోక్‌సభ స్పీకరు, మా అమలాపురం ఎంపీ బాలయోగి గారు భీమవరం నుంచి వెళ్తూ కైకలూరు దగ్గర చేపల చెరువులో హెలికాప్టరు కూలి చనిపోయారు. అదీ ఒంటి ఇంజనుదే. కోనసీమలో ఆ రోజు పొయ్యి వెలగని ఇళ్ళు నాకు తెలుసు.

ఇంకా వెనక్కి వెళ్తే 1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. లంకలో మా పుట్టింటి డాబా మీద నలభైమందిమి, నా చంకలో ఏడాది పిల్ల. మూడో రోజున హెలికాప్టరు వచ్చి పులిహోర పొట్లాలు జారవిడిచింది. సగం నీళ్ళలో పడ్డాయి. ఆ రెక్కల గాలికి పిల్ల ఏడుపు మానేసి తలెత్తి చూసింది. మిగతా పిల్లలంతా జడుసుకుని ఏడుస్తుంటే ఇదొక్కతే నవ్వింది. మా వాళ్ళకి విమానాలంటే రెండే రకాలు: తిండి పడేసేవి, మనుషుల్ని పడేసేవి. ఆ పిల్ల ఇప్పుడు విమానం కొంటానంటోంది.

మొదటి రోజు నేనేమీ అనలేదు. రెండో రోజు అడిగిన మొదటి ప్రశ్న, "ఒక్క ఇంజనే కదా, ఆగిపోతే?" దానికది ఎదురుచూస్తున్నట్టే ఉంది. "రాయిలా పడదమ్మా. వెయ్యడుగుల ఎత్తుంటే ఒకటిన్నర మైళ్ళు జారుకుంటూ వెళ్తుంది. తెరచాప దించినంత మాత్రాన పడవ మునగదు కదా. ఎక్కడ దించాలో చూసుకోడమే మాకు నేర్పేది" అంది. సమాధానం అర్థమైంది. భయం మాత్రం తగ్గలేదు. ఈ వ్యాసం రాస్తున్న ఇవాళ్టికీ తగ్గలేదని చెప్పేస్తే నా బరువు కొంత దిగుతుంది.

మా ఆడపడుచు అడిగింది వేరే ప్రశ్న. "అల్లుడు ఎప్పుడు నేర్చుకున్నాడు వదినా, చెప్పనే లేదు?" అంది. వెనక ఇంటి మేడమ్ గారూ అదే అడిగారు. టెక్సస్ వెళ్ళాక ఒక ఆదివారం భోజనాలకి వచ్చిన తెలుగు కుర్రాడు మా అల్లుడి భుజం తట్టి, "ఈ సరదా ఎప్పట్నుంచి బ్రో?" అన్నాడు. మా అల్లుడికి నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. ఆ మాటే నవ్వుతూ చెప్పాడు. ఆ కుర్రాడు నమ్మలేదు.

కొనేది మా అమ్మాయి ఒక్కతే కాదు, ముగ్గురు ఆడవాళ్ళు. ఒకావిడ టీచరుగా రిటైరైన టెక్సస్ మనిషి, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇంకొకామె రాత్రి డ్యూటీలు చేసే మలయాళీ నర్సు. ముగ్గురూ ఒకే చోట విమానం నేర్చుకున్నారు. అక్కడ ప్రైవేటు పైలట్ లైసెన్సుకి కనీసం 40 గంటలు ఎగరాలి. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో నేర్చుకునేవాళ్ళకి అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది. మా అమ్మాయికి రెండేళ్ళు పట్టింది. తర్వాత ప్రతిసారీ గంటల లెక్కన అద్దెకి తీసుకుని ఎగరడం కంటే ముగ్గురూ కలిసి ఒకటి కొనుక్కోవడం నయమనుకున్నారు.

కొత్తది ఎందుకు కొనరు అని అడిగాను. కొత్త సెస్నా 172 నాలుగు లక్షల డాలర్ల పైమాటే. వీళ్ళు చూసినది 1975లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో తయారైన 172 ఎమ్. ధర తొంభై వేలు. తలా ముప్ఫై వేలు, మన డబ్బుల్లో పాతిక లక్షల దాకా. మా కోనసీమలో ఆ డబ్బుకి అరెకరం కొబ్బరితోట రావడం కష్టం. ఈ 172 రకం విమానాలు 1956 నుంచి ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయట. ఇంకే విమానమూ ఇన్ని తయారు కాలేదు. ప్రమాదాలు జరిగినప్పుడల్లా కంపెనీల మీద పడే దావాల ఖర్చు పెరిగిపోయి 1986లో వీటి తయారీ ఆపేశారు. 1994లో ఆ దావాలకు కాలపరిమితి పెడుతూ చట్టం వచ్చాక, 1996లో మళ్ళీ మొదలుపెట్టారు. అందుకే అక్కడి ఆకాశంలో తిరిగే చిన్న విమానాల్లో చాలా మటుకు నలభై, యాభై ఏళ్ళ నాటివి. మన పాత బస్సుల్లా కాదు. ఏడాదికోసారి మొత్తం విప్పి చూసి, ఎగరడానికి పనికొస్తుందని మెకానిక్కు సంతకం పెట్టకపోతే అది నేల మీద ఉండాల్సిందే.

ఏప్రిల్లో దాన్ని చూడడానికి ఓక్లహామాలో ఒక చిన్న ఊరికి వెళ్ళాం. అమ్మే పెద్దాయన మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేసి, దాహం అడిగి, అప్పుడు మా అల్లుడి దగ్గరికి వెళ్ళి ఇంజను గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మా అల్లుడు కారు నడిపినందుకు వచ్చాడంతే. అయిదు నిమిషాలు విని, "నాతో కాదండీ, ఆవిడతో చెప్పండి" అన్నాడు. పెద్దాయన మా అమ్మాయి వైపు తిరిగాడు. ఇంకో అయిదు నిమిషాలకి మళ్ళీ అల్లుడి వైపే చూస్తూ మాట్లాడుతున్నాడు. పాపం, అలవాటు. నేను కాలేజీలో పనిచేసిన ముప్ఫై ఏళ్ళలో ఎన్నో మీటింగుల్లో చూసిన అలవాటే.

హ్యాంగరులో రెంచీలు పెట్టే బల్ల మీద ఆ విమానం లాగ్ బుక్కులు పెట్టారు. విమానం బాడీకి ఒకటి, ఇంజనుకొకటి, పంఖాకొకటి. నా మనసు విమానం కంటే వాటి మీదే పడింది. యాభై ఏళ్ళ బతుకు అందులో ఉంది. ఏ తారీఖున ఏ మేకు మార్చారు, ఎప్పుడు టైరు పగిలింది, ఏ గాలివానకి రెక్క చివర వంగితే ఎవరు సరిచేశారు, అప్పటికది ఎన్ని గంటలు ఎగిరింది, అన్నిటికీ కింద సంతకాలు. ఈ పుస్తకాల్లో ఒకటి పోయినా విమానం ధర బాగా పడిపోతుందట. ఏం జరిగిందో తెలిస్తే బాగుచేసుకోవచ్చు, తెలియకపోతేనే భయం అని మెకానిక్కు చెప్పాడు. అతను వీళ్ళు డబ్బిచ్చి తెచ్చుకున్నవాడు. అంతకుముందు ఆ విమానాన్ని ముట్టుకోనివాణ్ణే పిలవాలని నియమం పెట్టుకున్నారు. ఆ తెలివి నాకు నచ్చింది. సంబంధం ఖాయం చేసుకునేటప్పుడు పెళ్ళికొడుకు మేనమామని అడిగితే ఏం చెప్తాడు?

నాలుగు సిలిండర్లలోకి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి ఎక్కించి ఎంత నిలబడుతుందో చూశారు. అన్నీ 72కి పైనే వచ్చాయి, మంచివేనన్నారు. నూనె ఫిల్టరు కోసి విప్పి ఇనప రజను ఉందేమో వెతికారు. టార్చి వేసుకుని తోక లోపల తుప్పు చూశారు. పుస్తకంలో ఒకచోట మా అమ్మాయి ఆగింది. 1988 నుంచి 1993 దాకా ఏమీ లేదు. అయిదేళ్ళు ఆ విమానం కదల్లేదు.

"అయితే మంచిదే కదా, అరగలేదు" అన్నాను. మెకానిక్కు తల అడ్డంగా ఊపాడు. ఈ రకం ఇంజనులో క్యామ్ షాఫ్టు పై భాగాన ఉంటుందట. తిరగకుండా ఉంటే దాని మీది నూనె పొర కారిపోయి తుప్పు పడుతుందట. వాడిన ఇంజను కంటే వాడకుండా దాచిన ఇంజనుకే ముప్పు ఎక్కువట. 1994లో మొత్తం విప్పి కొత్త భాగాలు వేసినట్టు తర్వాతి పేజీలో ఉంది కాబట్టి ఫర్వాలేదన్నాడు. నేను ఆ ఖాళీ పేజీ దగ్గరే ఉండిపోయాను.

బేరం కుదిరాక అడిగాను, "ఈసీ తీయించారా?" అని.

మా అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు. గోదావరి జిల్లాల్లో పుట్టినదాన్ని, భూమి కాగితాల మధ్య పెరిగినదాన్ని. ఎన్ని చేతులు మారింది, లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా, తనఖా ఏమైనా ఉందా, ఇవి చూడకుండా మా వైపు పెరటి గోడ కూడా కొనరు. విమానాలకీ ఈసీ ఉంది. అమెరికాలో ఉన్న విమానాలన్నిటికీ రిజిస్ట్రారు ఆఫీసు ఒక్కటే, ఓక్లహామా సిటీలో. మొదటి అమ్మకం నుంచి ఇవాళ్టి దాకా ప్రతి కాగితమూ అక్కడ ఉంటుంది. కొంత రుసుము కడితే వెతికి పెట్టేవాళ్ళు ఉన్నారు. వీళ్ళు తీయిద్దామనే అనుకున్నారుగానీ, పెద్దాయన మాట మీద నమ్మకంతో తర్వాత చూద్దాంలే అనుకున్నారట. "డబ్బిచ్చాక తీయిస్తే దాన్ని ఈసీ అనరు, ఏడుపు అంటారు" అన్నాను. తీయించారు.

తనఖా బయటపడింది. 1983లో అప్పటి సొంతదారు ఒక బ్యాంకులో అప్పు తీసుకుని విమానాన్ని హామీ పెట్టాడు. అప్పు తీర్చాడో లేదో కాగితం లేదు. ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది, అది మరొకదాంట్లో కలిసింది. పెద్దాయన నిజంగానే ఎరగడు. తను కొన్నప్పుడు ఎవరూ చూడమని చెప్పలేదన్నాడు. అప్పు తీరిపోయిందని ఆ చివరి బ్యాంకు చేత కాగితం రాయించి తేవడానికి ఆయనకి అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాలూ మా అమ్మాయి స్నేహితురాళ్ళిద్దరూ నన్ను లాయరుగారూ అని పిలిచారు. నాకు సంతోషంగానే ఉంది. అబద్ధమెందుకు?

ఆ ఫైలు ప్రింటు తీయించి చదివాను. 1975 నుంచి ఏడుగురు సొంతదార్లు, ఏడుగురూ మగవాళ్ళు. కాగితాలన్నిటిలో ఒకే ఒక్క ఆడపేరు ఉంది. 1993లో. భర్త చనిపోయాక అతని వారసురాలిగా విమానాన్ని అమ్ముతూ సంతకం పెట్టిన భార్య. ఆ అయిదేళ్ళ ఖాళీ ఎందుకో అప్పుడు ఊహకందింది. బహుశా ఆయన జబ్బు పడి ఉంటాడు, విమానం హ్యాంగరులో ఉండిపోయి ఉంటుంది. ఆవిడ దాన్ని ఎప్పుడైనా ఎక్కిందో లేదో తెలియదు. ఆ విమానం కథలో ఆవిడ కనబడింది మాత్రం ఇచ్చేసేటప్పుడే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నా పేరు కూడా కాగితాల మీద రెండే రెండుసార్లు ఉంది, రెండుసార్లూ ఇచ్చేసేటప్పుడే.

మొదటిది 1991. నాన్న పోయిన ఏడు. నా పెళ్ళి 1983లో, చెల్లెలి పెళ్ళి 1988లో. ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రాల్లో మనదొకటి. కానీ ఆ తేదీకి ముందు పెళ్ళైనవాళ్ళకి వర్తించదు. అంటే రెండేళ్ళు ముందు తాళి కట్టించుకున్నందుకు నాకు లేదు, చెల్లెలికి ఉంది. ఇక నాన్న సొంత వాటాలో 1956 చట్టం ప్రకారం ఇద్దరికీ ఉంది. ఈ తేడాలన్నీ నాకు తర్వాతెప్పుడో తెలిశాయి. ఆ రోజు తెలిసింది ఒక్కటే, పెళ్ళైన ఆడపిల్లలకి వాటా లేదట, సంతకం మాత్రం కావాలట. వాటా లేనప్పుడు సంతకమెందుకు అని తెలుగు సాహిత్యంలో ఎమ్మే చేసిన నేను అడగలేదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో దస్తావేజు లేఖరి బల్ల మీద హక్కున్న చెల్లెలూ, అంత హక్కు లేని నేనూ ఒకే పెన్నుతో సంతకాలు పెట్టాం. "పెట్టెయ్యవే, పుట్టిల్లు కావాలా వద్దా?" అంది అమ్మ. అన్నయ్యలు మాకు చెరో చీరా పెట్టి, భోజనం పెట్టి పంపారు. 2005లో కేంద్ర చట్టం పెళ్ళి తేడాని తీసేసేనాటికి మా కాగితం రిజిస్టరై పద్నాలుగేళ్ళు.

రెండోది 1995. పసుపు కుంకుమ కింద నాన్న నా పేర రాసిన ఎకరం. మా వారు స్నేహితులతో కలిసి టైగర్ రొయ్యల చెరువు వేశారు. 1994, 95ల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి కోస్తా అంతా చెరువులు తుడిచిపెట్టుకుపోయిన సంగతి తెలిసిందే. అప్పు తీర్చడానికి ఆ ఎకరం అమ్మాం. అమ్మాం అంటున్నాను, సంతకం నాది. ఆయన బలవంతపెట్టలేదు. అడగను కూడా అడగలేదు. నేనే ముందుగా అన్నాను, అలా అనడం మంచి భార్య లక్షణమని నాకు తెలుసు కాబట్టి.

కాలేజీలో మాత్రం స్త్రీలూ ఆస్తిహక్కూ గురించి సెమినార్లు పెట్టాను. బీనా అగర్వాల్ 1994లో ప్రచురించిన భూమి హక్కుల పుస్తకం మీద మాట్లాడాను. ఆడదానికి చదువు, ఉద్యోగం మాత్రమే చాలవు, ఆమె అధీనంలో ఉన్న ఆస్తి ఇంట్లో ఆమె మాటకి బలమిస్తుందన్న వాదాన్ని పిల్లలకి వివరించాను. ఆ సెమినారు చేసిననాడు నా పేర సెంటు భూమి లేదు.

ఇదంతా గుర్తుపెట్టుకున్నదాన్ని నేనేం చేశానో కూడా చెప్పాలి. బ్యాంకు కాగితం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఒక రాత్రి భోజనాల దగ్గర మా అల్లుడు మెల్లగా అన్నాడు, "నా పేరు కూడా పెడితే మంచిదేమో. ఉమ్మడి డబ్బే కదా. రేపు ఏదైనా అయితే కాగితాల పని సులువవుతుంది." చెడ్డ మాట కాదు. చెడ్డగా అనలేదు కూడా. మా అమ్మాయి గరిటె పక్కన పెట్టి, "కారు నీ ఒక్కడి పేరు మీదే ఉంది కదా" అంది. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నేను అన్నాను, "పెట్టించెయ్యి తల్లీ, పోయేదేముంది? సంసారం కదా."

నా గొంతులోంచి మా అమ్మ మాట్లాడింది. వాక్యం నిర్మాణం కూడా అదే. మా అమ్మాయి నా వైపు చూసిన చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. దానికి నా రెండు సంతకాల కథా తెలుసు. దాన్ని పెంచుతూ ఎన్నోసార్లు చెప్పినదాన్ని నేనే.

మనం పితృస్వామ్యం అని రాస్తున్నప్పుడు ఎదురుగా ఎక్కడో నిలబడ్డ మగవాణ్ణి ఊహించుకుంటాం. ఆ రాత్రి అది నా నాలిక మీద ఉంది. మా అల్లుడు అడిగింది సర్దుబాటు కోసం. ఒప్పుకోమని తోసింది నేను. ముప్ఫై రెండేళ్ళ కింద ఆ వరండాలో అమ్మ నన్ను ఎందుకు తోసిందో అప్పుడు మొదటిసారి అర్థమైంది. ఆమెకి అన్నయ్యల మీద ప్రేమ ఎక్కువై కాదు. కూతురు ఒంటరిదైపోతుందని భయం. నాకూ అదే భయం. విమానం కూలిపోతుందని భయపడ్డాననుకున్నాను ఇన్నాళ్ళూ. దాని సంసారం కూలుతుందని అంతకంటే ఎక్కువ భయపడుతున్నాను.

తెల్లారి కాఫీ కలుపుతూ, "నిన్న నేనన్నది తప్పు" అన్నాను. "తెలుసమ్మా" అంది. మా అల్లుడు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడం ఒప్పుకోవడమో, ముడుచుకోవడమో నాకు తెలియదు. వాళ్ళిద్దరికే తెలియాలి.

జూన్‌లో సంతకాలు. అమ్మకం కాగితం మీద పెద్దాయన, రిజిస్ట్రేషను దరఖాస్తు మీద సహ యజమానులుగా ముగ్గురు ఆడవాళ్ళు. రిజిస్ట్రేషను ఫీజు ఎంతో తెలుసా? అయిదు డాలర్లు. మన దగ్గర భూమికి నూటికి ఏడున్నర రూపాయలు కట్టేవాళ్ళకి ఇది వింతే. "నా పేరు కూడా రాయించరాదూ" అన్నాను తమాషాకి. కుదరదట. అక్కడి పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళే విమానాన్ని తమ పేర రిజిస్టరు చేసుకోగలరు. మా అమ్మాయికి కూడా ఏళ్ళ తరబడి వేచి ఉండి 2022లో ఆ కార్డు వచ్చాకే ఈ ఆలోచన వచ్చింది. అంతకుముందు దానికి ఇంజను నడిపే హక్కు ఉంది, సొంతం చేసుకునే హక్కు లేదు. చేసే హక్కు వేరు, కలిగి ఉండే హక్కు వేరు. పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రోజే రిటైరైన టీచరుగారు మమ్మల్ని ఓక్లహామా సిటీలో ఇంకోచోటికి తీసుకెళ్ళారు. విమానాల రిజిస్ట్రారు ఆఫీసుకి దగ్గర్లోనే, విమానాశ్రయం ఆవరణలో, స్త్రీ పైలట్ల సంఘం ఉంది. దాని పేరే 'తొంభైతొమ్మిది'. 1929 నవంబరు 2న మొదలైంది. అప్పటికి ఆ దేశంలో లైసెన్సు ఉన్న ఆడవాళ్ళు 117 మంది. అందరికీ ఉత్తరాలు రాస్తే 99 మంది చేరారు, అదే పేరైంది. అమేలియా ఇయర్‌హార్ట్ తొలి అధ్యక్షురాలు. వర్జీనియా వూల్ఫ్ స్త్రీకి సొంత గది కావాలన్న వ్యాసాన్ని పుస్తకంగా తెచ్చింది కూడా 1929 అక్టోబరులోనే. మన శారదా చట్టం ఆ సెప్టెంబరులో. ఒకే ఏడు, మూడు నెలల్లో ఒకచోట సొంత గది, ఒకచోట ఆకాశం, మనకేమో పద్నాలుగేళ్ళు నిండేదాకా పెళ్ళి చేయకూడదన్న చట్టం. అయినా 1936లో లాహోరులో సరళా తుక్రాల్ చీర కట్టుకుని, నాలుగేళ్ళ కూతురున్న తల్లిగా, ఒంటరిగా జిప్సీ మాత్ విమానం ఎగరేసింది. ఇవాళ మన దేశంలో విమాన సంస్థల పైలట్లలో స్త్రీల శాతం ప్రపంచంలోనే ఎక్కువ ఉన్నచోట్లలో ఒకటి. అమెరికాలో ప్రైవేటు పైలట్లలో ఆడవాళ్ళు నూటికి పదిమంది కూడా లేరు. ఎవరు ముందున్నారో, ఎవరు వెనకున్నారో చెప్పడం అంత తేలిక కాదు.

ఆగస్టులో నన్ను ఎక్కించుకుంది. ముందు నా బరువు అడిగింది. నిండా పెట్రోలు పోస్తే నలుగురు పెద్దవాళ్ళని మొయ్యలేదట, ప్రతిసారీ లెక్క కట్టాల్సిందే. బండారులంక నేత చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రెక్క కింది మెట్టు మీద కాలేసి ఎక్కాను. మా అమ్మాయి రెక్కల్లోంచి గాజుగ్లాసులోకి కాస్త పెట్రోలు వంపి ఎండలో పట్టి చూసింది. నీలం రంగు. నీళ్ళు కలిశాయేమో చూడాలట. పాలు పోయించుకునేటప్పుడు మా అమ్మ చూసినట్టే చూసింది. తర్వాత ఒక అట్ట పట్టుకుని ఒక్కో అంశమూ పైకి చదువుతూ, ఒక్కోదాన్నీ ముట్టుకుంటూ వెళ్ళింది. ఇంత జాగ్రత్త దానికి ఎక్కడిదో అనుకున్నాను.

నేల వదిలిన క్షణంలో సౌందర్య గుర్తొచ్చింది. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఉత్తరాన రెడ్ రివర్. టెక్సస్‌కీ ఓక్లహామాకీ మధ్య సరిహద్దు. వెడల్పాటి ఇసుక తిన్నెలు, మధ్యలో పాయలు పాయలుగా నీళ్ళు. అచ్చం మే నెలలో మన గోదావరి. లంకలు కూడా ఉన్నాయి. పైనుంచి మా ఊరు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు డాబా మీద తడిసి కూర్చున్న నలభైమందీ ఆ హెలికాప్టరు నడిపినతనికి ఇలాగే కనబడి ఉంటారు అనుకున్నాను. హెడ్‌సెట్టులో మా అమ్మాయి గొంతు, "అమ్మా, బాగానే ఉన్నావా?" బాగానే ఉన్నానన్నాను. రెండు చేతులూ సీటు అంచుని వదల్లేదు.

సెప్టెంబరులో రాజమండ్రి వచ్చాను. వచ్చిన నెలకి ఈసీ తీయించాను, నాది. 1983 తర్వాతవి కంప్యూటర్లో ఉన్నాయి. సర్వే నెంబరు, హద్దులు, దస్తావేజు నెంబరు, ఎవరు ఎవరికి రాసిచ్చారు అన్నచోట నా పేరు, చెల్లెలి పేరు. నకలు కోసం దరఖాస్తు పెట్టాను. నా ఇష్టపూర్వకంగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసిస్తున్నానని ఉంది. నేను చదవకుండా సంతకం పెట్టిన కాగితాన్ని ముప్ఫై రెండేళ్ళ తర్వాత మొదటిసారి చదివాను. దావా వేయడానికి కాదు, చట్టం ఆ తలుపు ఎప్పుడో మూసేసింది. నా లాగ్ బుక్కులో ఒక పేజీ అది, నా దగ్గర ఉండాలనిపించింది. చెల్లెలికి కూడా ఒక నకలు పంపాను. ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సంతకం ఎంత గుండ్రంగా ఉందో చూశావా అక్కా, పరీక్షలో రాసినట్టు" అంది.

దీపావళికి ముందు పెద్దన్నయ్య వచ్చాడు. ఎప్పటిలాగే కొబ్బరికాయల బస్తా తెచ్చాడు. ఆఫీసులో ఎవరో చెప్పినట్టుంది, "ఆ పాత కాగితాలు ఇప్పుడెందుకే నీకు?" అన్నాడు. గొంతులో కొంచెం బెదురు ఉంది. "చదువుకుందామని అన్నయ్యా" అన్నాను. కాసేపు కాఫీ తాగాడు. మాట మార్చడానికన్నట్టు అడిగాడు, "అల్లుడు విమానం కొన్నాడట కదా, ఎక్కావా?"

"ఎక్కాను. కానీ అల్లుడు కొనలేదు అన్నయ్యా. అమ్మాయీ, దాని స్నేహితురాళ్ళూ కొన్నారు. వాళ్ళ పేరు మీదే ఉంది. ఈసీ నేను చూశాను" అన్నాను.